గట్టు, అడవి, ఇసుక: మూడు చక్రాల సైకిల్‌తో నాలుగు రోజులు

లోపలి చెవికి వచ్చిన ఇన్ఫెక్షన్ తగ్గిపోయింది గానీ, దాంతో పోయిన బ్యాలెన్స్ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చదునైన నేల మీద బాగానే నడుస్తాను. గుంతలూ రాళ్లూ ఉన్నచోట పది అడుగులు వేయాలంటే ఎవరిదో ఒకరి చెయ్యి కావాలి. మామూలు సైకిల్ ఎక్కడం మానేసి మూడేళ్లయింది. పోయిన ఏడాది పెద్దవాళ్ల ట్రైసైకిల్ కొనుక్కున్నాను. ఇంటి చుట్టుపక్కల తారు రోడ్ల మీద తిరగడం బాగా అలవాటయ్యాక, రోడ్డు దిగి చూడాలనిపించింది. తమ్ముడు తన సైకిల్ మీద తోడొస్తానన్నాడు. ఒక చెరువు గట్టు, ఒక అడవి దారి, చివర సముద్రపు ఒడ్డు. మూడు చోట్ల బస, మొత్తం నాలుగు రోజులు.

బయల్దేరే ముందు నా టెన్షన్ అంతా రాళ్ల గురించే. తీరా వెళ్లాక, రాళ్ల వల్ల ఒక్కసారి కూడా ప్రమాదం రాలేదు. వచ్చిందల్లా పక్కవాలు వల్లే. ఎదురు ఎత్తు అయితే దిగి నెట్టుకోవచ్చు, గుంత అయితే మెల్లగా దాటొచ్చు. దారి ఒక పక్కకి ఒరిగి ఉంటే మాత్రం మూడు చక్రాల బండి ఒరిగిన వైపే పడాలని చూస్తుంది. రెండు చక్రాల సైకిల్ మనతో పాటు వంగి సర్దుకుంటుంది, ఇది వంగదు. నేల ఎలా ఉంటే బండి అలాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే దారులూ గదులూ వేరేగా ఎంచుకునేదాన్ని.

నా బండి గురించి కాస్త చెప్పాలి. ముందు ఒక చక్రం, వెనుక రెండు, మధ్యలో పెద్ద బుట్ట. దీన్ని డెల్టా రకం అంటారు. చక్రాలు 24 అంగుళాలవి, టైర్ల వెడల్పు రెండు అంగుళాల పైచిలుకు, ఏడు గేర్లు, బరువు 27 కిలోలు, వెనుక ఈ చివర నుంచి ఆ చివరకి 76 సెంటీమీటర్లు. ముందు రెండు చక్రాలుండి వెనక్కి వాలి కూర్చునేది ఇంకో రకం, ట్యాడ్‌పోల్ అంటారు. అది నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో చాలా నిలకడగా ఉంటుంది. కానీ అంత కింద నుంచి లేచి నిలబడటం నా తలకి పడదు. పైగా ఎగుడుదిగుడు నేల మీద దాని అడుగుభాగం రాళ్లకి తగులుతుంది. కుర్చీ ఎత్తు సీటున్న బండే నాకు సరిపోతుంది.

మొదటిది చెరువు గట్టు. చూడటానికి ఇంతకన్నా సుఖమైన దారి ఉండదనిపించింది. గట్టి మొరం, ట్రాఫిక్ లేదు, ఒక పక్కన నీళ్లు. రెండు వందల మీటర్లు వెళ్లేసరికి గట్టు నీళ్ల వైపుకి ఒరగడం మొదలైంది. నడిచేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. నాకు హ్యాండిల్ కుడివైపుకి లాగుతోంది, ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని తిన్నగా ఉంచాల్సి వస్తోంది. ఇంకాస్త ముందుకెళ్లాక ఎడమ చక్రం ఊరికే తిరగడం మొదలుపెట్టింది. పెడల్ తొక్కుతున్నాను, టైరు కింద నుంచి ఇసక రవ్వలు వెనక్కి చిమ్ముతున్నాయి, బండి మాత్రం ముందుకి కదలడం లేదు.

"అక్కా, ఆగు, దిగకు" అని తమ్ముడు వెనక నుంచి వచ్చి ఎడమ వైపు బుట్ట అంచు మీద చెయ్యి వేసి నొక్కాడు. వెంటనే బండి కదిలింది.

విషయం ఏమిటంటే, ఇలాంటి బళ్లలో చాలావాటికి చైన్ బలం వెనుక చక్రాల్లో ఒక్కదానికే అందుతుంది, రెండోది ఊరికే దొర్లుతుంది. నా బండికి తిప్పేది ఎడమ చక్రం. వాలు కుడివైపుకి ఉన్నప్పుడు బరువంతా కుడి చక్రం మీదకి పోతుంది, ఎడమది తేలికై పట్టు తప్పుతుంది. సాయంత్రం అదే దారిన తిరిగొస్తుంటే వాలు నా ఎడమవైపుకి వచ్చింది, అంటే బలం అందే చక్రం మీదే బరువు. పొద్దున అంత అవస్థ పెట్టిన దారే సాఫీగా సాగిపోయింది. ట్రైసైకిల్ కొన్నవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, వెనుక చక్రాల్లో ఏది తిప్పుతుందో చూసుకోవడం. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ ఉన్న బళ్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో సైకిళ్లు తయారుచేసే జేమ్స్ స్టార్లీ 1877లో ట్రైసైకిల్ కోసమే దాన్ని వాడాడు, కార్లలోకి వచ్చింది ఆ తర్వాతే. అయితే ఒక చక్రం ఇసుకలో తేలిపోతే డిఫరెన్షియల్ ఉన్నా ఆ తేలిన చక్రమే తిరుగుతుంది. అందుకే అదొక్కటి ఉంటే చాలని అనుకోకూడదు.

గట్టు మీద ఇంకో రెండు విషయాలు నేర్చుకున్నాను. ఒకటి, ఒంటిని ఎత్తువైపుకి వాల్చి కూర్చోవాలి, సీటు మీద నుంచి కాస్త జరిగినా ఫర్వాలేదు. రెండోది, నీళ్ల డబ్బా వీపు సంచిలోంచి తీసి బుట్ట అడుగున పెట్టాక బండి ఊగడం సగానికి తగ్గింది. బరువు కిందకి దిగాలి, వెనుక చక్రాల మధ్యలో ఉండాలి. చెరువు గట్టుకి వెళ్లమంటానా అంటే, వెళ్లమంటాను, కానీ ముందు తోడొచ్చినవాళ్లని ఆ చివరి దాకా పంపి వాలు ఎటుందో చూసి రమ్మనండి.

అక్కడి బస గురించి ఒక మాట. ఫోన్‌లో "గ్రౌండ్ ఫ్లోరే అండీ, మీకేం ఇబ్బంది ఉండదు" అన్నారు. గ్రౌండ్ ఫ్లోరే, కాదనను. దానికి ముందు మూడు మెట్లు. మెట్ల ఎత్తు కలిపి 45 సెంటీమీటర్లు ఉంటుంది. స్కూటర్ ఎక్కించడానికి వాడే చెక్క పలక ఒకటి తెచ్చి వేశారు, పొడవు మీటరున్నర. ర్యాంపుకి సాధారణంగా చెప్పే లెక్క ఒకటికి పన్నెండు, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తుకి దాదాపు ఐదున్నర మీటర్ల పొడవు కావాలి. ఆ పలక మీద 27 కిలోల బండిని ఇద్దరు మనుషులు పట్టుకుని ఎక్కించారు. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాల్సి వచ్చింది, అదే బాధనిపించింది. వాళ్లు మంచివాళ్లే, మనసుపెట్టి సాయం చేశారు. తప్పు నా ప్రశ్నదే. ఏ అంతస్తు అని కాదు, గేటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయి, ఎన్ని గడపలున్నాయి, తలుపు తెరిచాక మిగిలే ఖాళీ ఎంత అని అడగాలి. ఆ గది తలుపు చట్రం 80 సెంటీమీటర్లే, కానీ తలుపు రెక్క పూర్తిగా గోడకి ఆనదు కాబట్టి మిగిలింది 74. నా బండి రాత్రంతా వరండాలోనే ఉంది.

అడవి దారికి వ్యాన్ మాట్లాడుకున్నాం. వ్యాన్ డ్రైవర్ ఈ ప్రయాణంలో నాకు దొరికిన అదృష్టం. బండిని చక్రాలకి కట్టబోతే వద్దన్నాను, ఎందుకంటే కుదుపులకి రిమ్ములు వంకర పోతాయి. ఆయన వెంటనే అర్థం చేసుకుని వెనుక ఇరుసు దగ్గర ఫ్రేముకి ఒక తాడు, ముందు ఫోర్కు మెడకి ఇంకో తాడు కట్టి, తాడు తగిలేచోట పాత గుడ్డ చుట్టాడు. ఇలాంటి మనిషి దొరికితే నంబరు దాచుకోవాలి.

అడవి దారి నిజానికి జీపులు తిరిగే దారి. రెండు పక్కలా లోతైన జాడలు, మధ్యలో గడ్డి పెరిగిన మిట్ట. నేను జాడలోకి దిగి తొక్కడం మొదలుపెట్టాను, అదే పొరపాటు. జీపు చక్రాల మధ్య దూరం నా బండి వెడల్పుకి ఇంచుమించు రెట్టింపు. అందుకే ఒక వెనుక చక్రం జాడలో ఉంటే రెండోది మిట్ట మీదకి ఎక్కుతుంది. మళ్లీ పక్కవాలే. కాసేపు అలా వంకరగా వెళ్లాక, మూడు చక్రాలూ మిట్ట మీదకే ఎక్కించేశాను. గడ్డి కాస్త బరువుగా లాగినా బండి సమంగా నిలిచింది. ఆ తర్వాత దాదాపు నాలుగు కిలోమీటర్లు మిట్ట మీదే వెళ్లాను. పిట్టల కూతలు తప్ప ఇంకో చప్పుడు లేదు. చేతికర్ర లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మూడేళ్ల తర్వాత చెట్ల మధ్య ఉన్నాను. ఒకచోట ఆగి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు, కాస్త దూరంగా నిలబడ్డాడు.

రాళ్లున్నచోట ముందు చక్రాన్ని తప్పిస్తే సరిపోదు. మూడు చక్రాలకి మూడు వేర్వేరు జాడలు. ముందుది రాయి పక్క నుంచి వెళ్లిందని సంతోషించేలోపు వెనుకది దాని మీదకి ఎక్కుతుంది. అందుకే పెద్ద రాయి కనిపిస్తే నడక వేగానికి తగ్గించి, ఏ వెనుక చక్రం ఎక్కుతుందో ముందే అనుకుని, ఆ వైపుకి ఒళ్లు వాల్చేదాన్ని. గాలి కూడా తగ్గించుకున్నాం. రోడ్డు మీద 45 పీఎస్ఐ పెట్టుకుంటాను, ఇక్కడ 30కి దించాం. నా టైరు పక్కన అచ్చయిన కనీస అంకె అదే. అంతకన్నా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి చిల్లులు పడొచ్చు.

నిటారు ఎత్తు వచ్చినచోట దిగి నెట్టాను. ఇక్కడొక జాగ్రత్త. పక్కన నడుస్తూ నెడితే వెనుక చక్రం మన మడమ మీదకి వచ్చేస్తుంది. నాకు ఎడమ మడమ తోలు లేచింది. హ్యాండిల్ పట్టుకుని బాగా ముందుగా, బండికి కాస్త ఎడంగా నడవాలి, లేదంటే తోడున్నవాళ్లని వెనుక బుట్ట పట్టుకుని నెట్టమనాలి. ఆపేటప్పుడు ఇంకో చిక్కు. చాలా బళ్లలో పార్కింగ్ లాక్ ముందు బ్రేకుకే ఉంటుంది. ఎత్తు ఎక్కుతూ ఆపితే బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలికవుతుంది, కంకర మీద అయితే లాక్ వేసిన చక్రంతో సహా బండి జారుతుంది. నా బండి రెండడుగులు వెనక్కి జారింది. అప్పటి నుంచి వెనుక చక్రాల కింద రాయి పెట్టకుండా ఎక్కడా చెయ్యి వదల్లేదు.

దారి చివర పంక్చర్. దగ్గర్లో ఉన్న సైకిల్ షాపు కుర్రాడు ఇలాంటి బండి ఎప్పుడూ చూడలేదట, పానా తీసుకుని ఇరుసు నట్టు విప్పబోయాడు. అక్కర్లేదని చెప్పాను. నా బండికి వెనుక చక్రాలు ఇరుసు చివర్లలో, ఫ్రేముకి బయటివైపు ఉంటాయి, బయటి పక్కన అడ్డు ఏమీ ఉండదు. చక్రం ఊడదీయకుండానే టైరు అంచు లేపి ట్యూబ్ బయటకి లాగి, ప్యాచ్ వేసి మళ్లీ తోసేయొచ్చు. బండి పక్కకి ఎత్తి కింద ఇటుక పెట్టాడు. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. ముందు చక్రానికైతే మామూలు సైకిల్ లాగా విప్పాల్సిందే. ఇది తెలియక పెద్ద షాపుకి మోసుకెళ్లే అవసరం ఎవరికీ రాకూడదని రాస్తున్నాను.

అడవి బస గది అందంగా ఉంది. గేటు నుంచి గది దాకా ఇరవై మీటర్లు మాత్రం గుండ్రటి గులకరాళ్లు పోశారు, చూడటానికి బాగుంటుందని. గులకరాళ్లు ఇసుక కన్నా మొండివి, తొక్కుతుంటే చక్రం కిందకి తవ్వుకుంటూ పోతుంది. అక్కడి కేర్‌టేకర్ నా అవస్థ చూసి, ఏమీ అడగకుండానే స్టోర్ నుంచి పాత రబ్బరు మ్యాట్లు తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. రెండు రోజులూ వాటిని తీయలేదు. ఆ గులకరాళ్లకి మార్కులు తగ్గించినా, ఆ మనిషి కోసం మళ్లీ వెళ్తాను.

సముద్రం దగ్గర పొడి ఇసుకలో మూడు మీటర్లు కూడా వెళ్లలేకపోయాను. రెండంగుళాల టైరుకి అది సాధ్యం కాదు. నాలుగంగుళాల ఫ్యాట్ టైర్లకి గాలి బాగా తగ్గించి పెడితే తప్ప కుదరదు. ఒడ్డున అద్దెకి ట్రైసైకిళ్లు ఇచ్చే చోటు ఉంది గానీ, వాటికి మా బండి కన్నా సన్నటి టైర్లు వేసి ఇసుకలోకి వెళ్లొచ్చని చెబుతున్నారు. నమ్మి తీసుకోవద్దు. తడి ఇసుక సంగతి వేరు. నీళ్లు వెనక్కి తగ్గాక మిగిలే గట్టి పట్టీ తారు రోడ్డంత బాగుంటుంది. పోటు నుంచి పాటుకి దాదాపు ఆరు గంటలు, రోజురోజుకీ ఆ సమయం ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఆ లెక్క చూసుకుని వెళ్లాలి. ఆ పట్టీ కూడా నీళ్ల వైపుకి ఒరిగే ఉంటుంది. అందుకే ఎడమ చేతివైపు సముద్రం ఉండేలా బయల్దేరాను, తిరిగొచ్చేటప్పుడు పొడి ఇసుక దాటించడానికి తమ్ముడు బుట్ట పట్టుకుని నెట్టాడు.

మూడో బసలో ర్యాంపు పొడవుగా, గరుకుగా, చేతికి కడ్డీతో ఉంది. తలుపు పూర్తిగా తెరుచుకుంది, మొదటిసారి బండి గదిలోకే వచ్చింది. పెరట్లో పైపు ఉంది. ఉప్పు నీళ్లకి చైన్ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి రెండు సాయంత్రాలూ మంచినీళ్లతో చైన్, ఇరుసు, బ్రేకులు కడిగి, ఆరాక నూనె వేశాం. గది చిన్నదే, కిటికీలోంచి సముద్రం కూడా కనిపించదు. ఈ ప్రయాణంలో నేను హాయిగా నిద్రపోయింది ఆ గదిలోనే.

వెళ్లేముందు అదే గది వచ్చే శీతాకాలానికి చెప్పి పెట్టాను. ఇంటికొచ్చాక తమ్ముడు కొలత చూసి రెండు చెక్క ముక్కలు ఏటవాలుగా కోయించాడు, వెనుక చక్రాల కింద పెట్టడానికి. ఇప్పుడవి బుట్టలోనే ఉంటున్నాయి.