తొమ్మిదిమంది పుట్టారు, ఏడుగురున్నారు: 1911 ఐరిష్ జనగణన పత్రంలోని మూడు గడులు

ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా అంతర్జాలంలో ఉంచిన 1901, 1911 జనగణన పత్రాలను, వాటితో పాటు ఏటా చందా కట్టి వాడుకునే ఒక వంశవృక్ష సేవను మా ఇంట్లో చాలా ఏళ్ళుగా వాడుతున్నాం. పేరు ఎలా వెతకాలి, అసలు పత్రం బొమ్మను ఎలా తెరవాలి వంటివి ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది 1911 పత్రంలో వివాహిత స్త్రీల కోసం కొత్తగా చేర్చిన మూడు గడుల గురించి. ఈ పెళ్ళి జరిగి ఎన్నేళ్ళు నిండాయి, ప్రాణంతో పుట్టిన బిడ్డలు ఎందరు, వారిలో ఇప్పుడు బతికి ఉన్నవారు ఎందరు అని ఆ గడులు అడుగుతాయి. ఇంటి యజమాని తన చేత్తో నింపి సంతకం పెట్టిన కాగితం కాబట్టి, ఒక కుటుంబం గురించి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం ఉండదని నేను చాలాకాలం అందరికీ చెబుతూ వచ్చాను.

నాది తెనాలి దగ్గరి పల్లె. మా మామగారి పూర్వీకులది కౌంటీ కార్క్ పడమటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన బేరా ద్వీపకల్పం. అక్కడి అలిహీస్ రాగి గనులు 1880లలో మూతపడినప్పటి నుంచి, గని పని తెలిసినవాళ్ళు చాలామంది అమెరికాలో మాంటానా రాష్ట్రంలోని బ్యూట్ పట్టణానికి వలసపోయారు. మామగారి తండ్రి కూడా, కొంత ఆలస్యంగానే అయినా, ఆ దారినే వెళ్ళాడు. ఇంటిపేరు సలివన్. బేరాలో సలివన్లను వెతకడమంటే గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలను వెతకడమే. పైగా మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ అక్కడ బలంగా ఉండేది కనుక, ఒకే చిన్న ఊళ్ళో ఒకే పేరు గల మనుమలు నలుగురైదుగురు కనిపిస్తారు. మనకూ తాతల పేర్లు పెట్టుకునే అలవాటు ఉంది కనుక నాకు ఇది వింతగా అనిపించలేదు కానీ, కంప్యూటరుకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

చందా సేవలో మా వంశవృక్షం చూడడానికి ముచ్చటగా ఉండేది. ఒక పేరు చేర్చగానే ఇతరుల వృక్షాల నుంచి, రిజిస్టర్ల నుంచి సూచనలు వచ్చేవి, ఒప్పుకుంటే కొమ్మలు వాటంతటవే పెరిగేవి. మామగారి తండ్రి 1894 అక్టోబరులో పుట్టాడని, ఆయన తల్లిదండ్రులకు మొత్తం ఎనిమిదిమంది సంతానమని అది తేల్చింది. అమెరికా కాగితాల్లో ఆయన ఒక్కోచోట ఒక్కో పుట్టిన తేదీ చెప్పి ఉండడంతో, ఐరిష్ జనన రిజిస్టరులో ఉన్న తేదీయే అసలైనదని కుటుంబమంతా స్థిరపడింది. అక్టోబరులో ఆ రోజున మామగారు తమ తల్లి నేర్పిన పద్ధతిలో సోడా రొట్టె కాల్చి, తండ్రి ఫొటో ముందు కాసేపు కూర్చునేవారు.

1911 పత్రాన్ని నేను మొదటిసారి వరుసవారీగా చదివినప్పుడు, మామగారి నాయనమ్మ పేరుకు ఎదురుగా పెళ్ళై 22 ఏళ్ళు, పుట్టినవారు 9, ఉన్నవారు 7 అని కనిపించింది. వృక్షంలో ఉన్నది ఎనిమిదిమందే. చిన్నతనంలో పోయిన ఒక ఆడపిల్ల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెను తీసేస్తే ఏడుగురికి లెక్క సరిపోయింది. అయితే ఆ తొమ్మిదో బిడ్డ ఎవరు? అదే పత్రంలో మామగారి తండ్రి వయసు 13 అని ఉంది. 1894లో పుట్టినవాడికి 1911 ఏప్రిల్ నాటికి 16 ఏళ్ళు ఉండాలి. ఐరిష్ జనగణనలో వయసులు ఎప్పుడూ తప్పేనని ఇతర వృక్షాలవాళ్ళంతా ఆ తేడాను పక్కన పెట్టేశారు.

ఐర్లండ్‌లో అన్ని మతాలవారి జనన మరణాల నమోదు 1864 జనవరి 1న మొదలైంది. నూరేళ్ళు దాటిన జననాల, యాభై ఏళ్ళు దాటిన మరణాల రిజిస్టరు పుటలను ప్రభుత్వమే ఉచితంగా చూపిస్తుంది. ఆ జిల్లా పుటలను ఏడాది తరువాత ఏడాదిగా చదువుకుంటూ పోతే, అదే తల్లి, అదే తండ్రి, అదే టౌన్‌లాండ్ (ఐర్లండ్‌లో అతి చిన్న భూ విభాగం), అదే పేరుతో రెండు జననాలు దొరికాయి: ఒకటి 1894 అక్టోబరు, రెండోది 1898 మార్చి. వాటి మధ్య 1896 మరణాల పుటలో ఒక సంవత్సరం దాటిన పిల్లవాడు కోరింతదగ్గుతో పోయినట్టు, వైద్యుడి ధ్రువీకరణ లేనట్టు, మరణ సమయంలో దగ్గరున్నది నాయనమ్మ అన్నట్టు, ఆమె సంతకానికి బదులు ఒక కాటా (X) గుర్తు పెట్టినట్టు ఉంది. పోయిన పెద్దవాడి పేరే తరువాత పుట్టినవాడికి పెట్టారు, ఎందుకంటే అది తాత పేరు, ఇంట్లో నిలవవలసిన పేరు. చందా సేవ ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేసింది. చచ్చిపోయిన పసివాడి పుట్టినరోజును బ్యూట్ గనుల్లో పనిచేసి ముసలివాడై పోయిన తమ్ముడికి అంటగట్టింది. ఆ కలగలుపు ఇప్పటికి ఎందరి వృక్షాల్లోకి పాకిందో చూస్తే కోపం వస్తుంది. దిద్దమని రాస్తే, ఎవరి వృక్షం వారి సొంతమని, తాము జోక్యం చేసుకోబోమని మర్యాదగా జవాబు వచ్చింది. తరువాత కొద్దికాలానికి అదే తప్పు తేదీని ‘కొత్త సమాచారం’ అంటూ మళ్ళీ నాకే సూచించారు.

నాకు ఇది ఎందుకింత పట్టుకుందో చెప్పాలి. మా వైపు తల్లులు బిడ్డలను పోగొట్టుకున్న తరువాత పుట్టినవాడు దక్కాలని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పిలిచేవారు. మా అమ్మమ్మ తండ్రి అలాంటి పెంటయ్యే. ఆయనకు ముందు ఎందరు పోయారో, వాళ్ళను ఏమని పిలిచేవారో చెప్పగల కాగితం నాకు ఎక్కడా దొరకదు. బేరాలో అదే దుఃఖానికి ఎదురు దారి పట్టారు: మృత్యువు కళ్ళు కప్పే పేరు కాకుండా, అది పట్టుకుపోయిన పేరునే తిరిగి పెట్టారు. ఈ సంగతి తెలిశాక అమ్మకు ఫోన్ చేసి అమ్మమ్మ కాన్పుల గురించి అడిగాను. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని చెప్పి, చాలాసేపు మాట్లాడింది. మామగారు సోడా రొట్టెను మార్చికి మార్చుకున్నారు కానీ, అక్టోబరు తేదీని కేలండరు నుంచి తీసేయలేదు. ఆ రోజున ఎప్పుడూ చూడని పెదనాన్న కోసం చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగిస్తున్నారు.

ఇంత చెప్పాక, మొదట్లో అన్న ‘నమ్మదగిన సాక్ష్యం’ అనే మాటను కాస్త సడలించాలి. వయసుల విషయంలో మిగతావాళ్ళ అనుమానం పూర్తిగా ఉత్తది కాదు. మామగారి తాతగారి తల్లి, ఆ కాటా గుర్తు పెట్టినావిడే, 1901లో 58 ఏళ్ళది, 1911లో 73 ఏళ్ళది. పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరగడానికి కారణం 1909 జనవరిలో డెబ్బై నిండినవారికి మొదలైన వృద్ధాప్య పింఛను. వారానికి ఐదు షిల్లింగుల వరకు వచ్చేది. పుట్టుక నమోదు లేని తరం కనుక, 1839 జనవరి నాటి మహా గాలివాన తమకు గుర్తుందని చెప్పి వయసు రుజువు చేసుకున్నవారు కూడా ఉన్నారు. అలాగే, ఆ మూడు గడులు భర్త బతికి ఉన్న స్త్రీలకు మాత్రమే ఉద్దేశించినవి. అయినా చాలామంది విధవలు వాటిని నింపారు, లెక్కలు తీసుకునేవారు వాటిని కొట్టేశారు. మా పత్రంలో ఆమె వరుసలోనూ ఒక గీత కింద 11, 5 అన్న అంకెలు ఇంకా చదవడానికి వస్తాయి. రాయడం రానివారి పత్రాలను వచ్చిన అధికారే నింపేవాడు, పల్లెల్లో ఆ అధికారి పోలీసు కానిస్టేబులు. పోయిన బిడ్డల లెక్కను గుమ్మంలో నిలబడ్డ పోలీసుకు ఎవరు ఎంతవరకు నిజంగా చెప్పారో ఊహించుకోవచ్చు. పుట్టిన ఊరి గడిలో కౌంటీ లేదా నగరం పేరు తప్ప మరేమీ రాయనక్కర్లేదు కనుక, ఊరు ముందే తెలియనివారికి అది పెద్దగా సాయపడదు.

మాకు కలిసివచ్చిన అదృష్టం చాలా ఉంది. టౌన్‌లాండ్ పేరు మామగారికి కంఠతా వచ్చు, ఆ కుటుంబం 1911 వరకూ అక్కడే ఉంది, తొమ్మిది జననాలూ 1864 తరువాతివే. 1840ల ఐరిష్ కరువు నాడు ఓడ ఎక్కినవారి సంతతికి నా అనుభవం దాదాపు ఏ పనికీ రాదు. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల్లో దాదాపు అంతా 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో కాలిపోయింది, ఆ తరువాతి నాలుగింటిని ప్రభుత్వమే నాశనం చేయించింది. అటువంటివారు పారిష్ (చర్చి) రిజిస్టర్ల మీద, పన్నుల కోసం 1847, 1864 మధ్య జరిగిన గ్రిఫిత్ మదింపు (భూములు, ఇళ్ళ విలువ లెక్క) మీద ఆధారపడాలి, అక్కడ ఎవరి దారి వారిదే.

చందా సేవను వచ్చే ఏడాది నేను పొడిగించుకోను. మామగారు మాత్రం తమ డబ్బుతో కడతానంటున్నారు. 1917 జూన్ 8న బ్యూట్‌లో స్పెక్యులేటర్ గని ప్రమాదంలో 168 మంది చనిపోయారు, ఆయన తండ్రి అప్పటికే ఆ పట్టణంలో ఉన్నాడు, ఆ నాటి మాంటానా పత్రికలు ఆ సేవలో చదువుకోవచ్చట. దానికి నేను అడ్డు చెప్పను, వృక్షం వైపు మాత్రం చూడవద్దని చెప్పాను.