ఖాళీ స్థలం అమ్మకం: ధర తగ్గించి నగదుకా, పూర్తి ధరకు వాయిదాలకా?

కట్టిన ఇంటికి ఇచ్చినంత సులువుగా బ్యాంకులు ఖాళీ నేలకు అప్పివ్వవు. స్థలం నచ్చినా కొనేవాళ్లు చాలామంది వెనక్కి తగ్గేది అందుకే.

ధర తగ్గించి నగదుకు పెడితే సాధారణంగా ముందుకొచ్చేది మరో పెట్టుబడిదారు. బేరం గట్టిగా ఆడతాడు, కానీ పత్రాలు సవ్యంగా ఉంటే పని త్వరగా ముగుస్తుంది.

వాయిదాలకు ఇస్తే సొంతానికి కొనుక్కునే కుటుంబాలూ వస్తాయి. ధర 100 అనుకోండి. నగదుకైతే 75 చేతికి రావచ్చు. అదే 20 ముందుగా తీసుకుని, మిగిలిన 80ని 40 నెలలకు పంచితే నెలకు 2 చొప్పున వస్తుంది, వడ్డీ అదనం. చిక్కల్లా మధ్యలో చెల్లింపు ఆగిపోతేనే. అప్పుడేం చేయాలో ఒప్పందంలో ముందే రాయించాలి, అదీ న్యాయవాది చేత.

అప్పు చేసి కొన్న స్థలమైతే నగదుకే అమ్మమంటాను, వడ్డీ నెలనెలా లాభాన్ని తినేస్తుంది. సొంత డబ్బైతే నా ఓటు వాయిదాలకే. ఏ దారైనా ముందు ముళ్లకంపలు కొట్టించి, హద్దురాళ్లకు సున్నం వేయించండి. నాలుగు మూలలూ కంటికి కనబడని స్థలానికి ఎవరూ బయానా ఇవ్వరు.