ఐఈఎల్‌టీఎస్ పదాలు: లిస్టు బట్టీ పట్టాలా, చదువుతూ పట్టుకోవాలా?

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోసం నేను పదాల లిస్టుతోనే మొదలుపెట్టాను. రోజుకు 30 పదాలు. నెల తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా అర్థం చెప్పేవాణ్ణి. 'నొటోరియస్' ఎదురుగా 'బాగా పేరున్న' అని రాసుకున్నాను. ఆ ధైర్యంతో ఒక ప్రాక్టీస్ వ్యాసంలో గొప్ప శాస్త్రవేత్త ఒకాయనను నొటోరియస్ అనేశాను. దిద్దిన మాస్టారు పక్కన ఒకే ముక్క రాశారు: "పాపం, ఆయనేం దొంగిలించాడు?" నొటోరియస్ అంటే చెడ్డపనికి పేరుమోసినవాడని అప్పుడు తెలిసింది.

అలాగని లిస్టులు దండగ అనను. రీడింగ్, లిజనింగ్‌లో పదం కనబడితే, వినబడితే గుర్తుపడితే చాలు. వాడక్కర్లేదు. అక్కడ లిస్టు పనికొస్తుంది, కాకపోతే సరైన లిస్టు కావాలి. భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో అచ్చువేసిన అకడమిక్ వర్డ్ లిస్టులో 570 పద కుటుంబాలున్నాయి (ఒక మూల పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం). అకడమిక్ రచనల్లో నూటికి దాదాపు 10 పదాలు ఇందులోవే. ఎప్పుడో ఒకసారి తగిలే వింత పదాలు వెయ్యి నేర్చుకునేకన్నా ఈ 570 నయం.

రైటింగ్, స్పీకింగ్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. ఈ రెండింటిలోనూ పదసంపదకు నాలుగో వంతు మార్కులు. పదం ఎంత పెద్దదన్నది కాదు, ఏ పదం పక్కన ఏది ఇముడుతుందో తెలుసా అని చూస్తారు. బ్యాండ్ 7 (9కి 7 స్కోరు) వివరణలో ఈ మాట స్పష్టంగానే ఉంది. తెలుగులో భారీ వర్షం అంటాం, బలమైన గాలి అంటాం. గాలిని భారీ అంటే చెవికి తేడా కొడుతుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే: హెవీ రెయిన్, స్ట్రాంగ్ విండ్. ఈ జోడీలు చదవగా చదవగా, వినగా వినగా అబ్బేవే. అర్థం మాత్రమే ఇచ్చే లిస్టులో దొరకవు.

మరి చదవడమొక్కటే చాలా? చాలదు. ఈరోజు వ్యాసంలో తగిలిన 'మిటిగేట్' మళ్లీ తగలడానికి ఎన్నాళ్లు పడుతుందో. ఈలోగా మరిచిపోతాం. మరుపు ఎంత వేగంగా వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే లెక్కగట్టాడు. అందుకే మూడో దారి, కార్డులు. ఆంకీ లాంటి యాప్ మధ్యలో రోజుల ఎడం పెంచుకుంటూ అదే పదాన్ని మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. అయితే చాలామంది కార్డుకు ఒకవైపు పదం, రెండోవైపు అర్థం రాస్తారు. అంటే లిస్టునే ముక్కలుగా కోసుకున్నట్టు. మీరు చదివిన వాక్యాన్నే రాసి, పదం ఉన్నచోట ఖాళీ వదలండి. రోజుకు ఐదారు చాలు. నా రైటింగ్ కాస్త దారిలో పడింది ఇలా చేశాకే.

విదేశాల్లో పీజీ చదువుకు జీఆర్ఈ పరీక్ష రాసేవాళ్లూ ఇది గమనించాలి. విడి పదాల అర్థాన్ని పరీక్షించే యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల పోలికలు) 2011లోనే పోయాయి. ఇప్పుడు పదాలను పరీక్షించేవి వాక్యంలో ఖాళీలు నింపే ప్రశ్నలు.

చేతిలో ఆరు నెలలుంటే రోజూ చదవండి, కార్డులు రాసుకోండి, లిస్టును పక్కన పెట్టుకుని అప్పుడప్పుడు చూసుకోండి. నెలే ఉంటే కొత్త లిస్టు తెరవొద్దు, టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు. మీరు రాసిన పాత వ్యాసాలు తీయండి. 'ఇంపార్టెంట్', 'గుడ్', 'ప్రాబ్లమ్' ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి ఆ చోట నప్పే మాటలు రెండేసి వెతుక్కోండి.