ఆరు ఆదివారాల అర్థశాస్త్రం: తిరుపతిలో ఒక తరగతిపై సమీక్ష

పోటీ పరీక్షల శిక్షణకు తిరుపతిలో లోటు లేదు. బస్టాండు చుట్టుపక్కల ఏ గోడ చూసినా ఏదో ఒక కేంద్రం ప్రకటన కనిపిస్తుంది. అయితే అర్థశాస్త్రం మొదటి పాఠాలను మాత్రమే, తొందర లేకుండా, తెలుగులో చెబుతామన్న ప్రకటన నాకు ఒక్కటే కనిపించింది. గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపరులో భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థలు ఉన్నాయి. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన నాకు వ్యవస్థ సంగతి అటుంచి, డిమాండు రేఖ కిందికి ఎందుకు వాలుతుందో కూడా సరిగా తెలియదు. అందువల్ల 2,400 రూపాయలు కట్టి చేరాను. ఆరు ఆదివారాలు, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు తరగతి. బోధించేది కళాశాలలో చాలాకాలం పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. తరగతిలో మేము ఇరవై ఆరుగురం. వారిలో సగం మంది నాలాంటి పరీక్షార్థులు, తక్కినవారిలో ఒక ఆటో డ్రైవరు, ఒక టిఫిన్ హోటలు యజమాని, ఇంటర్ చదువుతున్న నలుగురు పిల్లలు ఉన్నారు.

మొదటి ఆదివారం కొరత గురించి. ఇంటర్ పిల్లలు నిర్వచనాలను అప్పటికే కంఠస్థం చేసి ఉన్నారు. ఆడమ్ స్మిత్‌ది సంపద నిర్వచనం, మార్షల్‌ది శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్‌ది కొరత నిర్వచనం అని పద్యంలాగా వల్లించారు. మాస్టారు వారిని మెచ్చుకుని, 1932లో లయొనెల్ రాబిన్స్ చెప్పిన దానిలో మూడో ముక్క ఏమిటని అడిగారు. కోరికలు అపరిమితం, వనరులు పరిమితం అన్నంతవరకు అందరూ చెప్పారు గానీ, ఆ వనరులకు ప్రత్యామ్నాయ ఉపయోగాలు ఉండాలన్న మూడో షరతు ఎవరికీ గుర్తు రాలేదు. ఒకే పనికి తప్ప మరి దేనికీ పనికిరాని వస్తువు ఎంత అరుదైనదైనా దాని విషయంలో ఎంపిక ఉండదు, ఎంపిక లేనిచోట అర్థశాస్త్రానికి పనిలేదని ఆయన వివరించినప్పుడు, ఆ షరతు ఎందుకు ఉందో నాకు మొదటిసారి అర్థమైంది.

ఆ తరువాత ఆయన ఎత్తిచూపిన చిక్కు తెలుగులో చదివేవారికి ఎదురయ్యేది. మనం కొరత అనే ఒక్క మాటను రెండు వేరువేరు విషయాలకు వాడుతున్నాం. వనరులు మన కోరికలకన్నా ఎప్పుడూ తక్కువగానే ఉండడం ఒకటి. అది సంపన్న దేశంలోనూ ఉంటుంది, ఏనాటికీ తీరదు. ఒక ధర దగ్గర జనం అడిగినంత సరుకు దొరకకపోవడం ఇంకొకటి. అది ధర కదిలితే తీరిపోవచ్చు. ఈ రెండో దానికి, మనం నీటి విషయంలో ఎలాగూ అంటున్నాం కనుక, ‘ఎద్దడి’ అనే మాటను వాడుకుందామని ఆయన ప్రతిపాదించారు. 2023 వేసవి చివరి టమాటాను ఉదాహరణగా తీసుకున్నారు. బయటి అంగళ్లలో కిలో వంద రూపాయల వైపు పరుగెడుతున్నప్పుడు అక్కడ వరుసలు లేవు. డబ్బున్నవారు కొన్నారు, లేనివారు చింతపండుతో సరిపెట్టుకున్నారు. ప్రభుత్వం రైతుబజార్లలో కిలో యాభైకి అమ్మించినప్పుడు వరుసలు కట్టారు. టమాటా కొరత రెండుచోట్లా ఒకటే, ఎద్దడి మాత్రం రైతుబజారులోనే ఉంది. ఈ ఒక్క పద విభజన కోసమైనా మొదటి తరగతి వినదగినదే.

రెండో ఆదివారం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆరింటిలో నాకు మేలైనదిగా తోచింది అదే. కొరతగా ఉన్నదాన్ని పంచడానికి ధర ఒక్కటే మార్గం కాదని చెప్పడానికి ఆయన కిటికీలోంచి కనిపిస్తున్న కొండను చూపించారు. తిరుమలలో రోజుకు సుమారు 60 వేల నుంచి 80 వేల మంది దర్శనం చేసుకుంటారు. గర్భాలయం ఒక్కటే, రోజుకు గంటలు ఇరవై నాలుగే. ఎంత ధర పెట్టినా ఆ సంఖ్యను రెండింతలు చేయలేము. అంటే సరఫరా రేఖ దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది. ఇక మిగిలింది పంపకం. సర్వదర్శనంలో పంచేది వరుస, అంటే కాలం. మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనంలో కొంత ధర, కొంత ముందుగా ఆన్‌లైన్‌లో పట్టుకోగలిగిన చురుకుదనం. ఆర్జిత సేవల్లో లక్కీ డిప్, అంటే అదృష్టం. శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిచ్చి, ఐదువందల టికెట్టు కొనుక్కునే పద్ధతిలో దాదాపుగా ధరే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కివచ్చేవారికి టోకెన్లు ఇచ్చినప్పుడు పంచేది శ్రమ.

ఒక్కొక్క పద్ధతి ఎవరికి మేలు చేస్తుందో మమ్మల్నే తేల్చమన్నారు. ధర డబ్బున్నవారికి, వరుస తీరిక ఉన్నవారికి, మెట్లు మోకాళ్లు బాగున్నవారికి అనుకూలం; లాటరీ ఎవరి వైపూ చూడదు. ఉచితమన్న మాట మీద చాలాసేపు చర్చ నడిచింది. రోజుకు ఏడువందలు సంపాదించే మేస్త్రీ పన్నెండు గంటలు కంపార్టుమెంటులో కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది కనుక, డబ్బు లెక్కలో అతనికి మూడువందల టికెట్టే చవక. పింఛను మీద బతికే పెద్దాయనకు వరుసే చవక. అయితే మేస్త్రీకి ఆ టికెట్టు దొరకాలంటే నెలల ముందు ఫోనులో తేదీ పట్టుకోవాలి, ఆ తేదీకి పని ఉంటుందో లేదో అతనికి తెలియదు అని ఆటో డ్రైవరు అన్నప్పుడు మాస్టారు ఒక్క క్షణం ఆగి, ఆ మాటను బోర్డు మీద రాశారు. ఏ పద్ధతి న్యాయమైనదన్న ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు చెప్పలేదు; అది అర్థశాస్త్రం ఒంటరిగా తేల్చే విషయం కాదన్నారు. నాకు అది తప్పించుకోవడంలా అనిపించలేదు.

అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ, మూడో వారం వచ్చింది. ఆ మాటకు పుట్టుక ఆస్ట్రియాకు చెందిన ఫ్రెడరిక్ ఫాన్ వీజర్ దగ్గర ఉందని ఒక్క వాక్యంలో చెప్పి, అందరికీ తలొక కాగితం ఇచ్చి, ‘ఈ ఉదయం ఇక్కడ కూర్చోవడానికి మీకు ఎంత ఖర్చయింది?’ అన్న ప్రశ్నకు జవాబు రాయమన్నారు. నేను 2,400ను ఆరుతో భాగించి నాలుగువందలు అని రాశాను. అది తప్పు. కట్టేసిన రుసుము నేను ఈ రోజు వచ్చినా, రాకపోయినా తిరిగి రాదు గనుక, అది ఈ ఉదయపు నిర్ణయానికి ఖర్చే కాదట. తర్కానికి లొంగాను గానీ, డబ్బు వెనక్కి ఇవ్వబోమన్న నిబంధనను ఇంత అందంగా సమర్థించిన శిక్షణ కేంద్రాన్ని ఇంతకుముందు చూడలేదు.

నా పక్కనున్న కుర్రవాడు ఆదివారం ఉదయం క్యాటరింగుకు వెళితే ఎనిమిదివందలు, స్నేహితుడి దుకాణంలో కూర్చుంటే ఐదువందలు వస్తాయని, రెండూ కలిపి పదమూడువందలు అని రాశాడు. ఒకే ఉదయాన్ని రెండుచోట్ల అమ్మలేవు, వదులుకున్నవాటిలో అన్నిటికన్నా మేలైనది ఒక్కటే లెక్కకు వస్తుంది, కాబట్టి ఎనిమిదివందలేనని మాస్టారు దిద్దారు. ఇంతలో హోటలు యజమాని తన లెక్క చదివారు. కొట్టు సొంతం కాబట్టి అద్దె లేదు, ఖర్చులన్నీ పోను నెలకు నలభై వేలు లాభం. ఆ కొట్టు బయటివారికి ఇస్తే పద్దెనిమిది వేలు అద్దె వస్తుంది. ఆయన వేరొకచోట వంటమాస్టరుగా చేరితే ఇరవై రెండు వేలు జీతం వస్తుంది. నలభైలోంచి నలభై తీసేస్తే మిగిలింది సున్న. ఆయన ముఖం చూడవలసింది. ఇప్పుడే రెండు ప్రత్యామ్నాయాలను కలపకూడదన్నారు కదా, ఇక్కడ అద్దె, జీతం రెండూ ఎందుకు కలిపారని నేను అడిగాను. కుర్రవాడి దగ్గర ఉన్న వనరు ఒక్కటే, ఆ ఉదయం. హోటలాయన దగ్గర ఉన్నవి రెండు, కొట్టూ ఆయన శ్రమా, వాటిని ఏకకాలంలో రెండు వేరుచోట్ల పెట్టవచ్చు కనుక రెండూ లెక్కకు వస్తాయని మాస్టారు ఇచ్చిన జవాబు నేను చదివిన మూడు గైడు పుస్తకాల్లో ఎక్కడా లేదు. హోటలాయన మరుసటి వారం కూడా వచ్చారు, హోటలు మూయలేదు. సున్న లాభం అంటే నష్టం కాదని, తనకు ఇంకెక్కడా ఇంతకన్నా ఎక్కువ రాదని మాత్రమే అర్థమని ఆయనే మాకు చెప్పారు.

నాలుగో వారం ఉపాంత ప్రయోజనం, అంటే ఒక వస్తువు ఇంకొక్కటి అదనంగా దొరికితే కలిగే ప్రయోజనం. నీళ్లకు విలువ ఎక్కువ, ధర తక్కువ, వజ్రానికి తద్విరుద్ధం ఎందుకని 1776లో ఆడమ్ స్మిత్ ఎత్తిన సమస్యకు, 1870ల్లో జెవన్స్, మెంగర్, వాల్రా అనే ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు ఎవరికి వారు కనుక్కున్న జవాబు. ఆఖరి బిందెడు నీళ్లు ఎంత ముఖ్యమన్నదే ధరను నిర్ణయిస్తుందన్న ఆ పాఠం బాగానే సాగింది. పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువేమీ లేదు.

వసతి గురించి రెండు మాటలు. గది రెండో అంతస్తులో ఉంది, పైన రేకుల కప్పు. పదకొండు దాటితే ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. ఇచ్చిన జిరాక్సు నోట్సులో వ్యాకోచత్వం (ధర మారితే డిమాండు ఎంత మారుతుందన్నది) పటాలు రెండు తారుమారయ్యాయి, మొదటివారమే చెప్పినా చివరివరకు దిద్దలేదు.

నా అసలు ఫిర్యాదు ఐదు, ఆరు వారాల మీద. అవి మార్కెట్ల గురించి. మాస్టారు మదనపల్లె టమాటాతో మొదలుపెట్టి, ధర ఎక్కువ ఉన్నప్పుడు రైతులంతా నారు నాటడం, రెండు రెండున్నర నెలలకు పంటంతా ఒక్కసారిగా దిగి ధర కూలడం, కూలిన ధర చూసి మళ్లీ అందరూ మానుకోవడం, తిరిగి ధర లేవడం అనే చక్రాన్ని బోర్డు మీద గీశారు. గీత గీస్తూ పోతే నిజంగానే సాలెగూడు ఏర్పడింది. 1934లో నికొలస్ కాల్డర్ ఆ పేరు పెట్టడానికి కారణం కళ్లకు కట్టింది. 2023లో జులైలో ఆకాశానికి ఎగిసిన ధర సెప్టెంబరు నాటికే నేలకు దిగిన సంగతి అందరికీ గుర్తుండడంతో పాఠం సులువుగా ఎక్కింది. కానీ అక్కడితో ఆపి, వ్యవసాయ మార్కెట్లన్నీ ఇంతేనని, అమ్మేవారూ కొనేవారూ ఎక్కువమంది ఉంటారు కనుక ధరను ఎవరూ శాసించలేరని ఆయన అనేశారు. పరిపూర్ణ పోటీకి ఉదాహరణగా చిత్తూరు మామిడిని కూడా ఆ జాబితాలో చేర్చారు.

బంగారుపాళ్యం దగ్గర మాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఆ కాయ తినేవారికోసం పండేది కాదు, ఎక్కువ భాగం గుజ్జు పరిశ్రమకు పోతుంది. అమ్మేవారు వేలమంది, కొనే ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. టమాటా రైతు వచ్చే పంటకు మిరప వేసుకోగలడు. మామిడి చెట్టును నాటితే కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, ఒక్క ఏడాది ధర పడిందని కొట్టేయలేము. కోసిన కాయ నాలుగు రోజులు ఆగదు. ‘చెట్టు మీద ఉన్నంతసేపే కాయ మనది, ట్రాక్టరెక్కినాక ఫ్యాక్టరీవాళ్లది’ అని మా నాన్న అంటుంటారు. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, దాని మీద ప్రభుత్వం నాలుగు కలిపి పన్నెండు చేస్తుందని ప్రకటించవలసి వచ్చింది. అదే సీజనులో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్షలు పెడితే ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ధరను ఎవరూ శాసించలేని మార్కెట్టయితే ఇవేవీ జరగవలసిన అవసరం లేదు. పక్కపక్క మండలాల్లో పండే రెండు పంటలకు రెండు రకాల మార్కెట్లున్నాయన్నది, తిరుమల వరుసను అంత నేర్పుగా విప్పిచెప్పిన మనిషికి తెలియని విషయం కాదు. బహుశా ఆరు వారాల్లో ముగించాలన్న తొందరే కారణమై ఉంటుంది. కానీ పరీక్షకు కూర్చునేవారు ఆ వాక్యాన్ని అలాగే రాసుకున్నారు.

చివరి తరగతిలో నేను లేచి ఈ విషయం అడిగాను. ఆయన కోపగించుకోలేదు. కొనేవారు కొద్దిమందే ఉన్న మార్కెట్టు వేరని, మామిడిని ఆ జాబితాలో చేర్చడం పొరపాటేనని ఒప్పుకున్నారు. ధరను నిర్ణయించే డిమాండు, సరఫరాలను మార్షల్ కత్తెర రెండు అంచులతో పోల్చాడని, ఇక్కడ ఒక అంచు మాత్రమే పదునుగా ఉందని చెప్పి అందరి చేతా నోట్సులో ఆ వాక్యం కొట్టివేయించారు. మిగతా వివరం అసంపూర్ణ పోటీ పాఠంలో వస్తుందట, అది రెండో విడతలో ఉంటుందట.

పరీక్షకు పనికివస్తుందా అని అడిగేవారికి నా సమాధానం: బిట్ల కోసమైతే ఇది దారి కాదు, ఆరు వారాల్లో ఒక్క మాదిరి పరీక్ష కూడా పెట్టలేదు. అర్థశాస్త్రం అసలు చదవనివారు మొదటి మూడు వారాల కోసం చేరవచ్చు. మూడింటికే రుసుము కట్టే వెసులుబాటు ఇవ్వమని అడిగి చూడవచ్చు గానీ, నాకు ఇవ్వలేదు. రెండో విడత జూన్ మొదటి ఆదివారం మొదలవుతుందని బోర్డు మీద రాశారు. అసంపూర్ణ పోటీ వినాలని నాకు ఉంది. కానీ జూన్‌లో కాయ కోత, ఆదివారమైతేనే నేను ఊళ్లో ఉండగలను, కూలీలతోపాటు ఒక మనిషి తోటలో ఉండి తీరాలి. ఈసారికి పేరు ఇవ్వలేదు.