పైథాన్ పాలనా నియమావళి: ఒక సమీక్ష

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో ఎవరు, ఏ అధికారంతో నిర్ణయాలు తీసుకుంటారో తెలిపే పత్రం పెప్ 13 (పెప్ అంటే పైథాన్ మెరుగుదల ప్రతిపాదన). సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో తుది నిర్ణేత బాధ్యత నుంచి తప్పుకున్న తరువాత, కోర్ డెవలపర్లు (ప్రాజెక్టు నిర్వహణ బాధ్యత ఉన్న ప్రోగ్రామర్లు) పలు ప్రతిపాదనలను పరిశీలించి, ఆ డిసెంబరులో ఓటింగ్ ద్వారా ఈ విధానాన్ని ఎంచుకున్నారు. ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌కు (ప్రాజెక్టును నడిపే ఎన్నికైన మండలికి) విస్తృతాధికారాలు ఇస్తూనే, వాటిని వీలైనంత తక్కువగా వాడాలనీ, ముందుగా ఏకాభిప్రాయానికి ప్రయత్నించాలనీ నిర్దేశించడం నాకు ఎంతో నచ్చింది. అంతకంటే విలువైనది, ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించి కౌన్సిల్‌లో ఉండరాదన్న నిబంధన. గెలిచిన ఐదుగురిలో ఒకే సంస్థవారు ముగ్గురుంటే, వారిలో అందరికంటే వెనుకబడినవారిని తప్పించి ఆరో స్థానంలో ఉన్నవారిని తీసుకుంటారు. సొంత ప్రాజెక్టుకు నియమాలు రాసుకునేవారు ఈ ఒక్క నిబంధననైనా తప్పక పరిశీలించాలి.

కోడ్ పంపే పద్ధతీ స్పష్టంగానే ఉంది: అచ్చుతప్పుల వంటి చిన్న సవరణలు మినహా దేనికైనా ముందుగా ఇష్యూ (సమస్యను వివరించే నమోదు) తెరవాలి, కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే పరీక్షలు జతచేయాలి, కంట్రిబ్యూటర్ ఒప్పందంపై (పంపిన కోడ్‌ను వాడుకునేందుకు అనుమతించే పత్రంపై) సంతకం చేయాలి.

లోటల్లా పంపిన కోడ్ సమీక్ష దగ్గరే. పంపిన మార్పును ఎన్నాళ్లలో పరిశీలిస్తారన్న హామీ లేదు. సమీక్షకుల్లో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవారు కనుక గడువు విధించడం న్యాయం కాదని నేనూ ఒప్పుకుంటాను; అయితే తొలి స్పందన ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదో నియమావళిలోనే రాసి ఉంటే, కొత్తగా వచ్చినవారు నిరుత్సాహపడి వెనుదిరగవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.