తుంటి పక్క నొప్పికి అమలాపురంలో చూపించుకున్న క్లినిక్ గురించి

నేను ఆర్టీసీ కండక్టర్ని. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లే బస్సు కిక్కిరిసిందంటే సీటు రాడ్డుకి తుంటి ఆనించి, ఒంటికాలి మీదే బరువంతా వేసి టిక్కెట్లు కొట్టాలి. ఏడాదికి పైగా కుడి తుంటి పక్కన నొప్పి. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే మెలకువ వచ్చేసేది. ఇంతకుముందు ఒకచోట నడుముకి ఎమ్మారై తీసి సయాటికా, అంటే నడుము దగ్గర నరం నలిగి కాల్లోకి దిగే నొప్పి అన్నారు. మందులు వాడినన్నాళ్లు తగ్గేది, ఆపగానే మళ్లీ మొదలు.

ఈ క్లినిక్‌లో స్కానింగ్ రాసే ముందు మనిషిని చూస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమ్మా" అన్నారు డాక్టరుగారు. తొడ పైన, బయటివైపు చేతికి గట్టిగా తగిలే ఎముక మీద పెట్టాను. గజ్జల్లో నొప్పుందా, మోకాలు దాటి కిందికి తిమ్మిరి దిగుతోందా, వంగి చెప్పు పట్టీ పెట్టుకోగలుగుతున్నావా అని అడిగారు. గజ్జల్లో ఉంటే తుంటి కీలు అరిగిందేమో చూడాలట, పాదం దాకా తిమ్మిరి దిగితే నడుము దగ్గర నరం నలుగుతోందేమో చూడాలట. తర్వాత గోడకి వేలు ఆనించి కుడికాలి మీద 30 సెకన్లు నిలబడమన్నారు. సగం కాకముందే సరిగ్గా ఆ ఎముక మీదే సలుపు. అక్కడ నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. కీలు సంగతి తేల్చుకోవడానికి ఒక్క ఎక్స్‌రే తీశారు, అరుగుదల లేదు.

పిరుదు కండరాలు ఆ ఎముకకి అతుక్కునే చోట టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే గట్టి తాళ్లు, దెబ్బతిన్నాయట. ఇదివరకు దీన్ని బర్సైటిస్, అంటే ఎముక మీదుండే నీటి తిత్తి వాపు అనేసేవారట, చాలామందిలో అసలు గొడవ టెండాన్లదేనట. నలభై దాటిన ఆడవాళ్లకే ఎక్కువ వస్తుందన్నారు. ఇంజక్షన్ గురించి అడిగితే, "కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గానీ టెండాన్‌కి బలం రాదు, ముందు వ్యాయామం చెయ్యి" అన్నారు.

ఫిజియో అమ్మాయి నన్ను బస్సులో నిలబడినట్టే నిలబడమని, ఒక పక్కకి ఒరిగిన తుంటిని చేత్తో సరిచేసి చూపించింది. రెండు కాళ్ల మీదా బరువు వెయ్యాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. ఎడమ పక్కకి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. తుంటి పక్కన సాగదీసే ఆసనాలు వద్దంది, టెండాన్ ఎముకకి నొక్కుకుపోతుందట. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే వ్యాయామంతో మొదలుపెట్టించి మెల్లగా పెంచింది. రెండు నెలలు దాటేసరికి రాత్రిళ్లు నిద్ర పడుతోంది. డబుల్ డ్యూటీ పడ్డ రోజున మాత్రం ఇంకా లాగుతుంది.

ఒకటి మాత్రం బాగోలేదు. క్లినిక్ మేడ మీద, లిఫ్టు లేదు. మెట్లెక్కితేనే నొప్పి పుట్టేవాళ్లు ఇక్కడికొస్తారు, కింద ఒక గది పెట్టాల్సిందే. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఇస్తున్నారు, అడిగితే తెలుగులో రాసిస్తారు, అడగండి. సాయంత్రాలు రద్దీ, పొద్దున్నే వెళ్తే తీరిగ్గా చూస్తారు.