కథను పత్రికకు పంపే వేళ: లిబ్రెఆఫీస్ రైటర్‌పై ఒక సమీక్ష

కథ రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. రాసిన కథను సంపాదకుల నియమాలకు తగినట్టు సిద్ధం చేసి పంపే దశలోనే ఒక సాఫ్ట్‌వేర్‌కూ మరొకదానికీ తేడా తెలుస్తుంది. లిబ్రెఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ల సమూహంలో రాతపనికి ఉద్దేశించిన రైటర్ నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ దశలోనే కనుక ఈ సమీక్షను ఆ పనికే పరిమితం చేస్తున్నాను. ఓపెన్‌ఆఫీస్ అనే పాత సాఫ్ట్‌వేర్ నుంచి 2010లో విడివడి, ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో 2011 జనవరిలో తొలి విడుదలగా వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది.

దీని అసలు బలం స్టైల్స్, అంటే ఒక రకం పేరాలన్నిటి రూపాన్నీ ఒకేచోట నిర్ణయించే అమరికలు. ఆ మాట విలువ నాకు తెలిసింది ఒక పొరపాటు తరువాతే. చాలాకాలం పాటు నేను పేరా మొదట ఖాళీ కావలసినప్పుడల్లా స్పేస్‌బార్ ఐదుసార్లు నొక్కేవాణ్ణి, కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలు కావడానికి ఎంటర్ మీట నొక్కుతూ పోయేవాణ్ణి. నా తెర మీద అంతా కుదురుగానే కనబడేది. అలా తయారుచేసిన ఒక పెద్దకథను అందుకున్న సంపాదకులు దానిని తమ కంప్యూటర్‌లో వేరే ఫాంట్‌తో తెరిచినప్పుడు అధ్యాయాల శీర్షికలు పేజీల నడుమకు జారిపోయాయి, కొన్ని పేజీలు సగం ఖాళీగా మిగిలాయి. కథను చదవకముందే వారు నాకు ఆ సంగతి రాయవలసి వచ్చింది.

రైటర్‌లో ఎఫ్ 11 మీట నొక్కితే పక్కన స్టైల్స్ పట్టిక తెరుచుకుంటుంది. కథ మొత్తానికీ బాడీ టెక్స్ట్ అనే స్టైల్ ఇచ్చి, దానిని సవరించే పెట్టెలో మొదటి పంక్తికి అర అంగుళం లోపలికి జరుపు, పంక్తుల మధ్య రెట్టింపు ఎడం అని ఒక్కసారి చెబితే, ఇరవై పేజీల కథ ఆ క్షణమే ఆ రూపంలోకి మారుతుంది. మరో పత్రిక పంక్తుల మధ్య ఒకటిన్నర ఎడం చాలునంటే మార్చవలసింది ఆ ఒక్క చోటనే. కథలో ఒక్క అక్షరాన్ని కూడా ముట్టుకోనక్కరలేదు. దృశ్యం మారే చోట పెట్టే గుర్తుకు నేను వేరే స్టైల్ తయారుచేసుకున్నాను. ఆ గుర్తు ఎప్పుడూ పంక్తి నడుమనే నిలుస్తుంది కనుక, పేజీ చివర పడిన దృశ్యవిరామం మామూలు ఖాళీగా కనబడి పాఠకుణ్ణి తికమక పెట్టే ప్రమాదం తప్పింది.

తెలుగులో రాసేవారు ఇక్కడ ఒక సంగతి తప్పక గమనించాలి. రైటర్ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంట్‌నూ, తెలుగువంటి సంయుక్తాక్షరాలు గల లిపులకు మరొక ఫాంట్‌నూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. స్టైల్‌లో పైభాగాన ఫాంట్ మార్చి, తెలుగు అక్షరాలు ఏమీ మారలేదని కంగారుపడే కొత్తవారు చాలామంది ఉంటారు. సెట్టింగులలో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను ఎంచుకుంటే, స్టైల్ పెట్టెలో ఆ లిపులకు వేరే గడి కనిపిస్తుంది. ఫాంట్, దాని పరిమాణం రెండూ అక్కడే మార్చాలి. ఇది లోపం కాదు, రెండు లిపులు కలిసిన రచనకు మేలు చేసే ఏర్పాటే. అయినా ఆ గడి మొదటినుంచే కనబడేలా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

పాత అలవాటుతో రాసిన కథలను శుభ్రం చేయడానికి ఫైండ్ అండ్ రీప్లేస్ బాగా ఉపయోగపడింది. అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (అక్షరాల నమూనాను బట్టి వెతికే పద్ధతి) అనే ఎంపికను పెట్టి, వెతికే గడిలో ఖాళీ పేరాకు గుర్తయిన ^$ అని రాసి, మార్చే గడిని ఖాళీగా వదిలి రీప్లేస్ ఆల్ నొక్కితే, కథలోని ఖాళీ పేరాలన్నీ ఒక్కసారిగా పోతాయి. అధ్యాయాల ముందు వరుసగా కొట్టిన ఎంటర్లను చేత్తో తీసివేసే శ్రమ అలా తప్పింది.

పేరు తెలియనివ్వని పోటీలకు పంపేటప్పుడు కథ పైనున్న పేరు తీసేస్తే సరిపోదు. ఫైల్ లోపలి వివరాలలో, వ్యాఖ్యలలో, మార్పుల చరిత్రలో రచయిత పేరు అలాగే ఉండిపోతుంది. రైటర్‌లో ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో అప్లై యూజర్ డేటా ముందున్న టిక్కు తీసి, రీసెట్ నొక్కితే ఆ వివరాలు తొలగుతాయి. మార్పుల చరిత్ర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ట్రాక్ చేంజెస్‌లో మార్పులను కనబడకుండా దాచినంత మాత్రాన అవి ఫైల్ నుంచి పోవు. నేను పదిసార్లు ఆలోచించి కొట్టివేసిన వాక్యం సంపాదకులు ఆ దాపును తీసిన మరుక్షణం అడ్డగీతతో బయటపడుతుంది. అందుకే పంపే ప్రతిలో మార్పులన్నీ అంగీకరించి, వ్యాఖ్యలన్నీ తొలగించిన తరువాతే సేవ్ చేయాలి.

పదాల లెక్కను ఈ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా ఖాళీలను బట్టి వేస్తుంది. తెలుగులో 'వచ్చిందని' అంటే ఒక పదం, 'వచ్చింది అని' అంటే రెండు. కలిపి రాసే అలవాటున్న రచయిత కథ లెక్కలో చిన్నదిగా తేలుతుంది కనుక, పరిమితికి దగ్గరగా ఉన్నప్పుడు పేజీల సంఖ్యను కూడా చూసుకోవడం మంచిది. అక్షరదోషాల కోసం నేను దీని మీద ఆధారపడను. సంధులతో, ప్రత్యయాలతో ఒక్క క్రియకే లెక్కలేనన్ని రూపాలు వచ్చే భాషలో, పదాల పట్టికను చూసి గీసే ఎర్రగీత తప్పుల కిందా ఒప్పుల కిందా ఒకేలా పడుతుంది. అచ్చుతీసి పైకి చదువుకోవడమే నాకు నమ్మకమైన పద్ధతి.

మూలప్రతిని నేను ఎప్పుడూ రైటర్ సొంత రూపమైన ఓడీటీ ఫైల్‌గానే ఉంచుకుంటాను. ఓడీటీకి ఆధారమైన ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా గుర్తింపు పొందింది కనుక, ఏళ్ల తరువాత కూడా తెరవగలనన్న ధీమా ఉంటుంది. పత్రికలు ఎక్కువగా అడిగే, మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడే డాక్స్ రూపంలో పంపే ముందు సేవ్ యాజ్ ద్వారా వేరే ప్రతి తీస్తాను. ఏ రెండు సాఫ్ట్‌వేర్లూ పంక్తులను అచ్చంగా ఒకేలా విరవవు. అందుకే ఆ ప్రతిని మూసి, మళ్లీ తెరిచి, శీర్షిక ఉన్న మొదటి పేజీని, నడుమ ఒక దృశ్యవిరామాన్ని, పేజీ సంఖ్యతో సహా చివరి పేజీని చూస్తాను. ఆ మూడూ ఉండవలసిన చోట ఉంటేనే ఫైల్‌ను మెయిల్‌కు జత చేస్తాను.